పక్కింటివారి పసుపుపచ్చ విమానం

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ప్రతి ఇంట్లోనూ ఒక పాత వస్తువు ఉంటుంది. అమ్మితే పెద్దగా ఏమీ రాదు, ఉంచితే చోటు దండగ. అయినా పారెయ్యమంటే ఎవరికీ చేతులు రావు. అత్తగారి కాలంనాటి గంగాళం కావచ్చు, తాతగారి పడక కుర్చీ కావచ్చు, మూగబోయిన రేడియో కావచ్చు. మా తెనాలి ఇంట్లో అది ఉయ్యాలబల్ల. మా మామగారు చేయించినది. మావారూ, ఆయన తమ్ముళ్ళూ, ఆ తరువాత మా పిల్లలూ అందరూ దానిమీద ఊగి పెద్దవాళ్ళయినవాళ్ళే. ఏటా సంక్రాంతికి దాని గొలుసులకు రంగు వేయించి, బల్ల తుడిపించి, చూసుకుని మురిసిపోవడం మా ఇంటి ఆనవాయితీ.

ఆ ఉయ్యాల సంగతి చివర్లో చెబుతాను. ఈవేళ నేను చెప్పదలచుకున్నది మరో ఇంటివారి పాత వస్తువు గురించి. అది ఒక విమానం. నవ్వకండి, నిజంగా విమానమే!

మా అమ్మాయి కాపురం అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో. 2016 వేసవిలో మేమిద్దరం అక్కడికి వెళ్ళాం. పక్కింట్లో డెబ్భై రెండేళ్ళ పెద్దావిడ ఉండేది. భర్త పోయి రెండేళ్ళయింది. కొడుకు, కోడలు, పన్నెండేళ్ళ మనవరాలు దగ్గర్లోనే వేరే ఇంట్లో ఉండేవారు. నా వచ్చీరాని ఇంగ్లీషుతోనూ, ఆవిడ ఓపికతోనూ మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. నేను పచ్చడి చేస్తే ఆవిడ ముక్కు ఎర్రబడేదాకా తినేది, ఆవిడ ఆపిల్ పళ్ళతో చేసిన తీపి నాకిచ్చేది.

ఒకరోజు “మా ఇంటి పెద్దాయన్ని చూపిస్తాను రండి” అని కారులో తీసుకువెళ్ళింది. ఎవరో ముసలి బంధువు కాబోలు అనుకుని పళ్ళు పట్టుకుని బయల్దేరాను. తీరా చూస్తే ఊరి బయట ఒక పచ్చిక మైదానం, దాని పక్కన రేకుల షెడ్డు, అందులో పసుపు ముద్దలాంటి చిన్న విమానం! పక్కన నల్లటి మెరుపు గీత. ముక్కు పైకెత్తి, తోక నేలకానించి, పెళ్ళివారింటి గుమ్మంలో కూర్చున్న తాతగారిలా ఉంది.

దాని పేరు పైపర్ కబ్. కబ్ అంటే పులికో ఎలుగుకో పుట్టిన పిల్ల. పెన్సిల్వేనియాలోనే లాక్ హేవెన్ అనే ఊళ్ళో 1938 నుంచి 1947 వరకు ఈ రకం దాదాపు 20,000 తయారయ్యాయట. ఆ పసుపుకు లాక్ హేవెన్ పసుపనే పేరు. రెక్కల ఈ చివరినుంచి ఆ చివరికి 35 అడుగులు. బరువు మాత్రం 350 కిలోలకు మించదు, అంటే బాగా మేసిన గేదె బరువన్నమాట. ఇంజను శక్తి 65 గుర్రాలు. పెట్రోలు ఎంత ఉందో తెలియడానికి మీటరు లేదు. ట్యాంకు మూతలోంచి ఒక తీగ పైకి నిలబడి ఉంటుంది, దాని అడుగున బిరడా తేలుతూ ఉంటుంది. పెట్రోలు తగ్గినకొద్దీ తీగ కిందికి దిగుతుంది. మన ఇళ్ళల్లో డబ్బాలో పుల్ల పెట్టి కిరసనాయిలు చూసుకున్నట్టే!

ఆ విమానాన్ని ఆవిడ మామగారు 1946లో కొత్తది కొన్నారు. ఆయన పాడి రైతు. ఆ తరువాత అది ఆవిడ భర్తకు వచ్చింది. 1966లో పెళ్ళికి ముందు ఆవిడను మొదటిసారి షికారు తీసుకువెళ్ళింది ఇందులోనే. దీనిలో రెండే సీట్లు, ఒకదాని వెనక ఒకటి. ఒక్కరే నడిపేటప్పుడు బరువు సరిపోవడానికి వెనక సీట్లోనే కూర్చోవాలి. ఆ అలవాటు చొప్పున ఆయనెప్పుడూ వెనకే, ఆవిడ ముందు. “నలభై ఎనిమిదేళ్ళు ఆయనతో ఎగిరాను. పైన ఉన్నంతసేపు ఒక్కసారీ ఆయన మొహం చూడలేదు. వెనకనుంచి గొంతు వినబడితే చాలు, ధైర్యం” అన్నది. అని కాసేపు మాట్లాడలేదు.

మా ఉయ్యాలబల్ల గుర్తుకు వచ్చింది నాకు.

అది జరిగిన మూడు వారాలకు ప్రమాదం జరిగింది. ప్రమాదమంటే ఆకాశంలో కాదు, నేలమీదే.

ఆ విమానానికి బ్యాటరీ లేదు, స్విచ్చి నొక్కితే తిరిగే మోటారు లేదు. ముందున్న చెక్క పంకాను మనిషి నిలబడి చేత్తో తిప్పాలి. ఇంజను అంటుకున్న క్షణంలో విమానం ముందుకు దూకకుండా చక్రాలకు అడ్డంగా దిమ్మలు పెట్టాలి. ఒంటరిగా తిప్పేటప్పుడు తోకను తాడుతో గట్టి గుంజకు కట్టాలి. మామగారూ కట్టేవారు, భర్తా కట్టేవాడు. ఆ తాడు షెడ్డులో మేకుకు వేలాడుతూనే ఉంది.

ఆరోజు వాళ్ళ నాన్న పుట్టినరోజు. తల్లిని ఒకసారి పైకి తీసుకువెళ్ళి చూపిద్దామని కొడుకు ముచ్చటపడ్డాడు. పొద్దున్నే ఒక చుట్టు తిరిగి దిగాడు. ఇంజను వేడిగానే ఉంది, తల్లి కారు వస్తోంది, ఒక్క నిమిషం పనే కదా అనుకున్నాడు. తాడు కట్టలేదు, దిమ్మలు పెట్టలేదు. పెట్రోలు వదిలే పిడి ఒక వేలెడు ముందుకు ఉండిపోయింది. పంకా తిప్పగానే ఇంజను గర్రుమని లేచింది. విమానం కదిలింది. అతను పక్కకు దూకి రెక్క కింది కడ్డీ పట్టుకు వేళ్ళాడాడు. ఒక పక్క పట్టుకుంటే అది గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. తిరిగి తిరిగి కంచె గుంజను గుద్దుకుని ఆగింది. చెక్క పంకా పుల్లలు పుల్లలైపోయింది. కుడి రెక్క చివర చితికి, లోపలి దూలం వంగిపోయింది. ఒక చక్రం కాలు మడతపడింది.

మనవరాలు ఆ గుంజకు ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఉంది.

పిల్లకు ఏమీ కాలేదు. అతనికి మోచేయి గీరుకుపోయింది, అంతే. కాని ఆరోజు మొదలు అతను ఆ షెడ్డు ఛాయలకు పోలేదు. “తాతయ్య డెబ్భై ఏళ్ళు నిలబెట్టిన దాన్ని ఒక్క నిమిషంలో నాశనం చేశాను. దాన్ని అమ్మెయ్యండి, నాకు చూపించకండి” అన్నాడు తల్లితో.

బీమావారు వచ్చి లెక్కలు కట్టారు. బాగుచేయడానికయ్యే ఖర్చు బీమా చేసిన మొత్తంకంటే ఎక్కువ అని తేల్చారు. అలాంటప్పుడు వాళ్ళు డబ్బిచ్చి విరిగిన విమానాన్ని తీసుకుపోతారు. యజమాని కావాలంటే దాని విలువ తగ్గించుకుని మిగిలింది పుచ్చుకుని, విమానాన్ని తనే ఉంచుకోవచ్చు. మా పక్కింటావిడ ఉంచుకుంది. ఎవరెన్ని చెప్పినా వినలేదు.

అయితే అక్కడే ఆవిడకూ మెకానిక్కుకూ మాట పట్టింపు వచ్చింది.

అమెరికాలో ఎవరు పడితే వారు విమానం బాగుచెయ్యడానికి వీల్లేదు. ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సున్న మెకానిక్కు చెయ్యాలి, లేదా అతని కళ్ళముందు చెయ్యాలి. రెక్క దూలం వంటి పెద్ద మరమ్మతు అయితే దానికి 337 నంబరు ఫారం ఒకటి నింపి, తనిఖీ అధికారం ఉన్నవాడు సంతకం పెట్టి, విమానయాన శాఖకు పంపాలి. ఏది విప్పారో, ఏది మార్చారో విమానం తాలూకు పుస్తకంలో తేదీతో సహా రాయాలి. జాతక చక్రంలాగా ఆ పుస్తకం విమానంతోబాటే ఉంటుంది. 1946 నుంచి ఉన్న పుస్తకాలన్నీ ఆవిడ బిస్కెట్ల డబ్బాలో దాచింది.

ఆ మెకానిక్కు అరవై దాటిన మనిషి, మాట పొదుపు. ఆవిడ అడిగింది ఇంతే. “రెక్క మార్చు, పంకా కొత్తది వెయ్యి, చక్రం కాలు సరిచెయ్యి. వచ్చే ఏడు ఆయన పుట్టినరోజుకు ఎగరాలి.”

అతను తల అడ్డంగా ఊపాడు. “ఇంజను విప్పాలి. విమానం ఒంటిమీది బట్ట కూడా మొత్తం విప్పాలి” అన్నాడు.

తిరుగుతున్న పంకా దేన్నయినా కొట్టుకుని ఠక్కున ఆగితే, ఆ దెబ్బ ఇంజను లోపలి క్రాంక్ షాఫ్టు మీద పడుతుందట. పైకి ఏమీ కనబడదు. ఇంజను మామూలుగానే తిరుగుతుంది. లోపల వెంట్రుకవాసి బీట ఉంటే అది ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే విప్పి చూసి తీరాలని ఇంజను చేసినవాళ్ళే చెబుతారు. షాఫ్టును అయస్కాంతంగా మార్చి, సన్నని ఇనుప రజను కలిపిన ద్రవం పోసి, చీకటిగదిలో ప్రత్యేకమైన దీపం కింద చూస్తారు. బీట ఉంటే అక్కడ రజను పోగుపడి గీతలా మెరుస్తుంది.

“చెక్క పంకా కదా, దెబ్బంతా అదే తినేసింది. ఇంజను బాగానే ఉంది” అన్నది ఆవిడ.

“ఉండవచ్చు. చూస్తేగాని సంతకం పెట్టను” అన్నాడతను.

ఇంజను మాట ఎలాగో ఒప్పుకుంది. బట్ట దగ్గరే ఆవిడ మొండికేసింది.

బట్ట అంటున్నానేమిటా అనుకుంటున్నారా? ఈ విమానానికి ఒళ్ళంతా బట్టే! లోపల సన్నని ఉక్కు గొట్టాల చట్రం, రెక్కల్లో దూలాలూ పక్కటెముకలూ, పైన బిగించి కట్టిన బట్ట. పూర్వం నూలుబట్ట వేసేవారు, ఇప్పుడు ఎక్కువగా పాలియెస్టరు. దానిమీద గంజి పెట్టినట్టు పూతలు పూస్తే ఢక్కీ చర్మంలా బిగుసుకుంటుంది. మన దేశంలోనూ ఇలాంటివి తయారయ్యాయి. బెంగుళూరు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి పుష్పక్, 1958లో మొదటిసారి ఎగిరినది, ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరికో విద్య నేర్పినది, అదీ బట్ట తొడిగిన విమానమే.

పక్కింటివారి విమానానికి ఆ బట్ట 1979లో ఆవిడ భర్త తన చేతులతో తొడిగాడు. ఒక చలికాలమంతా షెడ్డులో స్టవ్వు పెట్టుకుని, మెకానిక్కు చూస్తుండగా కుట్టాడు, పూశాడు. ఆయన పోయాక, ఆయన చేతిపని అని చెప్పుకోవడానికి ఆవిడకు మిగిలింది అదే. “రెక్క పోయింది పోనీ. ఒంటిమీది బట్ట బాగుంది కదా, దాన్ని కత్తితో ఎందుకు కొయ్యాలి?” అన్నది. చక్రం మీద పడ్డ దెబ్బ లోపలి గొట్టాల్లోకి ఎంతవరకు పాకిందో చూడాలని అతను. నాలుగు నెలలు ఇద్దరి మధ్యా మాటల్లేవు. మేము తిరిగి వచ్చేసేనాటికి విమానం అలాగే కుంటి కాలితో షెడ్డులో ఉంది.

తరువాత జరిగింది ఆవిడ నాకు ఫోనులో చెప్పింది.

ముందు ఇంజను విప్పించారు. షాఫ్టు శుభ్రంగా ఉంది! ఒక్క బీటా లేదు. ఖర్చు మాత్రం వేలల్లో అయింది. “చూశారా, అనవసరంగా విప్పించాడు” అంటుందనుకున్నాను. అలా అనలేదు. “ఇదివరకు బాగుందని అనుకునేదాన్ని. ఇప్పుడు బాగుందని తెలుసు. ఆ రెంటికీ తేడా ఉంది కదా” అన్నది. ఆ రాత్రంతా ఆలోచించి మర్నాడు తనే మెకానిక్కుకు ఫోను చేసి, బట్ట విప్పమన్నదట. విప్పేటప్పుడు తనూ పక్కన నిలబడింది.

పొట్ట దగ్గర గొట్టాలు బాగానే ఉన్నాయి. తోక దగ్గరకు వచ్చేసరికి మెకానిక్కు ఆగిపోయాడు. మొనదేలిన ఇనుప పుల్లతో అడుగు గొట్టాన్ని పొడిచాడు. పుల్ల దిగిపోయింది! మళ్ళీ ఇంకొక చోట పొడిచాడు. అక్కడా దిగింది. గొట్టం తుప్పుపట్టి పెంకులా అయిపోయింది. తోకను నిలబెట్టేది ఆ గొట్టాలే.

ఎందుకు తుప్పుపట్టింది? బట్ట తొడిగాక లోపల చెమ్మ చేరకుండా, చేరినా కారిపోయేలాగా, అడుగున పల్లంగా ఉన్నచోటల్లా చిన్న కంతలు పెట్టాలి. కంత చుట్టూ చినగకుండా చిన్న బిళ్ళ అతికిస్తారు. ఆవిడ భర్త తోక దగ్గర బిళ్ళలు చక్కగా అతికించాడు. రంగు వేశాడు. కంతలు పొడవడం మరిచిపోయాడు. చెవి కుట్టించకుండా దుద్దు అతికించినట్టన్నమాట. పైనుంచి చూస్తే అన్నీ సక్రమంగా ఉన్నాయి. మంచూ చెమ్మా ముప్ఫై ఏడేళ్ళు తోకలో చేరి అక్కడే నిలిచాయి.

ఏటేటా తనిఖీ జరుగుతూనే ఉంది. కాని ఆ మూల బట్ట విప్పితేగాని కనబడదు. “నాలుగేళ్ళుగా నేనూ సంతకం పెడుతున్నాను” అన్నాడట మెకానిక్కు నెమ్మదిగా. అతను ఎవరినీ తప్పించలేదు, తనతో సహా.

ఆలోచించండి. ఆ కంచె గుంజ అడ్డం రాకపోతే ఆవేళ తల్లీ కొడుకూ ఆ తోకతోనే ఎగిరేవారు. మర్నాడు మనవరాలిని ఎక్కించేవారు.

ఆవిడ ఏమన్నదో చెబుతాను. భర్త మీద ఈగ వాలనివ్వని మనిషి. కాసేపు ఆ బిళ్ళలకేసి చూసి, “ఆయన ఉంటే ముందుగా కత్తి పట్టుకునేది ఆయనే” అన్నదట. తరువాత కొడుకును పిలిపించింది. ప్రమాదం తరువాత అతను అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. పుల్ల అతని చేతికిచ్చి గొట్టంలో పొడవమన్నది. “మీ నాన్న కంత మరిచిపోయాడు. నువ్వు తాడు మరిచిపోయావు. ఆయన తప్పు బయటపడిందని నీ తప్పు తప్పు కాకుండా పోదు. రెండూ సరిచేద్దాం రా” అన్నది. కొడుకు పొరపాటును మెచ్చుకోనూ లేదు, జీవితాంతం మొయ్యమననూ లేదు. తల్లి మాట అంటే అలా ఉండాలనిపించింది నాకు.

రెండో సారి మేము 2018లో వెళ్ళాం. అప్పటికి తుప్పుపట్టిన గొట్టాలు కోసి కొత్త ఉక్కు ముక్కలు వెల్డింగు చేశారు. లోపల మళ్ళీ తుప్పు పట్టకుండా గొట్టాల్లో ఏం పోశారనుకున్నారు? అవిసె నూనె! పోసి, అన్నివైపులా పారేలా తిప్పి, వంపేసి, మూసేశారు. ఇంక మిగిలింది బట్ట పని.

నాకు కుట్టుపని వచ్చని ఆవిడ మెకానిక్కుతో చెప్పింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, సరే రమ్మన్నాడు. నేను నలభై ఏళ్ళు మిషను కుట్టినదాన్ని, లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

రెక్కకు బట్ట తొడిగి, అంచులు జిగురుతో అంటించి, ఇస్త్రీ పెట్టెతో బిగిస్తారు. మీరు విన్నది నిజమే. మన ఇళ్ళలో ఉండే ఇస్త్రీ పెట్టె వంటిదే. పాలియెస్టరు బట్ట వేడికి ముడుచుకుంటుంది కదా, పొరపాటున మన చీరలు పాడవుతాయే, ఆ గుణమే ఇక్కడ పనికొస్తుంది. మొదట 250 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడితో ఒకసారి, చివర 350 డిగ్రీలతో ఒకసారి. ఇస్త్రీ పెట్టె మీద రాసిన గుర్తులు నమ్మరు, వేడి కొలిచే సాధనం పెట్టి చూస్తారు. ఎక్కువైతే బట్ట మెత్తబడి పాడవుతుంది. బట్ట మీద చెయ్యి వేసి తడితే డప్పులా మోగాలి.

ఆ తరువాత ఒక పూత. ఆ తరువాత కుట్టు. రెక్కను నిలువుగా నిలబెట్టి అటొకరు ఇటొకరు కూర్చోవాలి. మైనం పట్టించిన దారం, జానెడుకు మించిన సూది. నేను ఇటునుంచి సూది గుచ్చితే అటు ఆవిడ లాగి, పక్కటెముకకు అవతలి పక్కనుంచి మళ్ళీ నాకు పంపుతుంది. నేను ముడి వెయ్యాలి. చేపల వలలకు వేసే ముడిలాంటిది, జారదు. కొలత ప్రకారం ప్రతి కొన్ని అంగుళాలకూ ఒక ముడి. ఈ కుట్లే లేకపోతే, ఎగిరేటప్పుడు రెక్క పైన గాలి లాగే ఊపుకు బట్ట పక్కటెముకల నుంచి లేచిపోతుంది.

మొదటిరోజు మధ్యాహ్నం దాకా ఒక వరస పూర్తి చేశాను. మెకానిక్కు వచ్చి వేలితో ప్రతి ముడినీ మీటి చూశాడు. జేబులోంచి కత్తెర తీసి వరసంతా కత్తిరించేశాడు! “అందంగా ఉన్నాయి. వదులుగా ఉన్నాయి” అన్నాడు. నలభై ఏళ్ళ గర్వం నేలమీద దారపు ముక్కలై పడింది. రెండోసారి వేసినవి ఉంచాడు.

మనకు ఈ పని కొత్తేమీ కాదని ఆ తరువాత తెలిసింది. 1900లో రైట్ సోదరులు కిట్టీహాక్ తీరానికి తమ గ్లైడరు తీసుకువెళ్ళినప్పుడు, అనుకున్నంత పొడుగు చెక్క దొరక్క, రెక్క బట్టను కత్తిరించి మళ్ళీ కుట్టవలసి వచ్చింది. విల్బర్ రైట్ కుట్టింది ఆ ఊరి గృహిణి ఆడీ టేట్ గారి కుట్టు మిషను మీద. ప్రయోగాలు అయ్యాక గ్లైడరును వాళ్ళక్కడే వదిలేసి పోతే, ఆ ఇల్లాలు దాని శాటిను బట్ట విప్పి తన ఇద్దరు ఆడపిల్లలకు గౌన్లు కుట్టింది. మన ఇళ్ళల్లో పాత పట్టుచీర పరికిణీ అయినట్టే కదా! మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో విమానపు రెక్కలకు బట్ట కుట్టినవాళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళే.

రెక్కకు అటు ఆవిడ, ఇటు నేను. ఒకరి మొహం ఒకరికి కనబడదు, సూది మాత్రం వస్తూపోతూ ఉండేది. ఆ వారం రోజుల్లో ఆవిడ నాకు చెప్పిన సంగతులు ఎదురెదురుగా కూర్చుని ఉంటే చెప్పేది కాదేమో. ఆయన కోపాలు, మాట్లాడుకోని రోజులు, ఆస్పత్రి రోజులు. “ఆయన ఏ పొరపాటూ చెయ్యని మనిషని రెండేళ్ళు అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడా బరువు తగ్గింది. మనిషినే తలుచుకుంటున్నాను” అన్నది ఒకసారి. నేను ముడి వేశాను. ఇంకేం చెప్పను?

కుట్ల మీద రంపపు పళ్ళ అంచున్న పట్టీలు అంటించి, ఎండకు బట్ట చివికిపోకుండా అల్యూమినియం పొడి కలిపిన వెండిరంగు పూత పూసి, ఆపైన పసుపు వేశారు. తోక దగ్గర కంతలు కొడుకే పెట్టాడు. తల్లి కింద పడుకుని ఒక్కొక్కదాంట్లో అగ్గిపుల్ల దూర్చి లెక్కపెట్టింది. మనవరాలు మళ్ళీ లెక్కపెట్టింది. విప్పిన పాత బట్టలోంచి నల్లగీత ఉన్న ముక్క కత్తిరించి ఆ పిల్ల దాచుకుంది. 1979లో కంతలు మరిచిన సంగతీ, దానివల్ల వచ్చిన తుప్పూ, చేసిన మరమ్మతూ విమానం పుస్తకంలో రాశారు. దాచలేదు.

2018 సెప్టెంబరులో, మేము తిరుగు ప్రయాణమయ్యే ముందు వారం, విమానం బయటికి వచ్చింది. కొడుకు ముందుగా మేకు మీది తాడు తీశాడు. తోకను గుంజకు కట్టాడు. రెండు చక్రాలకూ దిమ్మలు పెట్టాడు. పద్నాలుగేళ్ళ మనవరాలు వెళ్ళి తాడు పట్టుకుని బలంకొద్దీ లాగి చూసి, “సరిగా ఉంది” అన్నది. అప్పుడు పంకా తిప్పాడు. మొదట అతనొక్కడే ఎగిరి, రెండు చుట్లు తిరిగి దిగాడు. ఆ తరువాత ఆవిడ ముందు సీట్లో ఎక్కింది. ఆ విమానం తలుపు అడ్డంగా రెండు ముక్కలు, పై ముక్క పైకీ కింది ముక్క కిందికీ మడిచి తెరిచి ఉంచుకునే ఎగరవచ్చు. తలుపు తీసే ఉంచారు. పైనుంచి మాకు చెయ్యి ఊపింది. వెనకనుంచి కొడుకు ఏదో చెబుతూ ఉన్నట్టున్నాడు, నవ్వుతోంది.

“మీరూ ఎక్కండి” అన్నారు నన్ను. నా కుట్ల మీద నాకే అంత ధైర్యం చాలలేదు. మావారు మాత్రం ఈ మాట నలుగురికీ చెప్పి నవ్వుతుంటారు.

ఇంక మా ఉయ్యాలబల్ల సంగతి. తెనాలి తిరిగి వచ్చిన మూడోరోజున కమ్మరిని పిలిపించి నిచ్చెన వేయించాను. “గొలుసులు లక్షణంగా ఉన్నాయి కదమ్మా, మొన్ననే రంగు కూడా వేశారు” అన్నాడు. గొలుసులు కాదు, పైన దూలంలో గొలుసులు తగిలించిన కొక్కేలు చూడమన్నాను. మామగారు వేయించిన నాటినుంచి ఎవరూ వాటి మొహం చూడలేదు. అతను పైకెక్కి చూసి, “అమ్మా, పిల్లల్ని దింపండి” అన్నాడు. నాలుగింటిలో రెండు కొక్కేలు గొలుసు రాసుకుని రాసుకుని సగానికి అరిగిపోయాయి. ఏటేటా రంగు మాత్రం వాటిమీదా నిండుగా పడింది.

కొత్త కొక్కేలు చేయించాం. అరిగిన రెండింటినీ పారెయ్యలేదు. పూజగది గూట్లో ఉన్నాయి. ఇప్పుడు సంక్రాంతికి మా ఇంట్లో రంగు డబ్బా కంటే ముందు నిచ్చెన వస్తుంది.

ప్రేమగా దాచుకున్న వస్తువును తుడుస్తాం, రంగు వేస్తాం, వచ్చినవాళ్ళకు చూపిస్తాం. విప్పి చూడటానికి మాత్రం మనసొప్పదు. లోపల ఏముందోనని భయం, చూస్తే పెద్దవాళ్ళను శంకించినట్టవుతుందేమోనని మొహమాటం. కాని ఆ వస్తువు మీద మన పిల్లలు కూర్చుంటారు. మీ ఇంట్లో ఉయ్యాల ఉంటే, పాత నిచ్చెన ఉంటే, అమ్మగారిచ్చిన పాత కుక్కరు ఉంటే, ఈ ఆదివారం ఒక్కసారి దాని కొక్కెమో, మెట్టో, వాల్వో పట్టుకుని చూడండి. బాగుంటే మరీ మంచిది. బాగుందని అనుకోవడం పోయి, బాగుందని తెలుస్తుంది.